అథనాసియు భక్తుడు - ఒక మాట తగవు

అథనాసియు అనగానే ఆయన పేరిట నున్న విశ్వాస ప్రమాణము మనకు జ్ఞాపకము వచ్చును. నిజమునకు అది ఆయన వ్రాసినది కాదు. ఆయన తరువాత లాటినులో వెలసినది. ఆయన వ్రాసినది గ్రీకు.

ఆయన ఐగుప్తులోని అలెక్సంద్రియవారు. 325లో నీకయ సభకు డీకనుగా వెళ్ళి, 328లో బిషప్పు అయిరి. కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడను నీకయ తీర్మానమును విడువనందున అయిదుసార్లు వెళ్ళగొట్టబడి, ట్రియర్‌లోను, రోములోను, ఎడారి సన్యాసుల మధ్యను సుమారు 17 ఏండ్లు గడపిరి.

మేము చెప్పదలచినది 362 నాటి సంగతి. ఊసియా, హుపోస్తాసిస్ అను రెండు గ్రీకు మాటలను నీకయ సభవారు ఒకే అర్థమున వాడిరి. తరువాత తూర్పు సంఘములలో అనేకులు హుపోస్తాసిస్ అను మాటను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలలో ఒక్కొక్కరికి చెప్పుచు, మూడు అనిరి. పాత అర్థమును పట్టుకొనినవారు ఒక్కటే అనిరి. లాటినువారి ఇబ్బంది వేరు. ఆ మాటను ఉన్నదున్నట్లు తమ భాషలోనికి దించుకొనిన సబ్‌స్టాన్షియా అగును. ఆ మాటతో మూడు అనిన, వారి చెవికి ముగ్గురు దేవుళ్ళు! అంతియొకయలో బిషప్పు ఎవరను తగవునకు ఇదియు తోడై సంఘము చీలియుండెను.

ఎడారినుండి తిరిగి వచ్చిన అథనాసియు అలెక్సంద్రియలో సభ కూర్చిరి. మూడు అనువారిని, బంగారము, వెండి, ఇత్తడివలె వేరైన ముగ్గురు దేవుళ్ళనియా మీ భావమని అడుగగా, కాదనిరి. ఒకటి అనువారిని, కుమారుడును ఆత్మయు వట్టి పేర్లేనా యని అడుగగా, వారును కాదనిరి. ఊసియా అను అర్థముననే ఆ మాట వాడితిమనిరి. ఆయన ఇరువురిని అంగీకరించిరి. నీకయ మాట కొరకు సమస్తమును పోగొట్టుకొనిన అరువదేండ్ల పెద్ద, ఇక్కడ మాటను పట్టుకొని వ్రేలాడలేదు.

మాట వస్త్రమువంటిది, మార్చినను లోపలి భావము మారదని కొందరందురు. మాకట్లు తోచదు. చేతిలో ఒక్కటే మాట యున్నవానికి, ఒకటిగా నుండుటను ముగ్గురుగా నుండుటను విడదీసి తలంచుటయే కష్టము. మన తెలుగు బైబిలునే చూడుడి. హెబ్రీ పత్రిక 1:3లో ఈ హుపోస్తాసిస్‌ను తత్వమనియు, 11:1లో నిజస్వరూపమనియు అనువదించిరి. త్రిత్వమును బోధించునప్పుడు వ్యక్తి యందుము. వ్యక్తి అనగానే సండేస్కూలు పిల్లలు ముగ్గురు మనుష్యులను ఊహించుకొందురు, మేమును ఊహించినవారమే.

అంతియొకయ చీలిక ఆ సభతో మానలేదు. ఆ ఏడే జూలియన్ చక్రవర్తి అథనాసియును మరల వెళ్ళగొట్టెను. 373లో ఆయన అలెక్సంద్రియలోనే ప్రభువునందు నిద్రించిరి. ఊసియా ఒకటి, హుపోస్తాసిస్‌లు మూడు అని స్థిరపరచినవారు కప్పదొకియ బిషప్పులు బాసిలు, ఇద్దరు గ్రెగొరీలు. వారిలో నజియంజు గ్రెగొరీ, అథనాసియును గూర్చిన తమ ప్రసంగములో, ఆయన ఇరుపక్షములను కలిపిన సంగతిని, లాటినులోని మాటల కొరతను జ్ఞాపకము చేసిరి.