జేబు పిస్తోలు: జాన్ బ్రౌనింగు జీవితము

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఫ్రెంచి, రష్యను భాషలలో బ్రౌనింగు అను మాట మనుష్యుని పేరుగా గాక చిన్న పిస్తోలుకు పర్యాయపదముగా వాడుకలోనికి వచ్చెను. తన పేరు జీవితకాలముననే సామాన్యనామ మగుటను చూచిన వారు అరుదు. అది భాగ్యమో కాదో పాఠకులు ఈ చరిత్ర విన్న పిమ్మట నిర్ణయింతురు గాక. పొలములమీదను, దూరప్రయాణములందును ఆత్మరక్షణకై లైసెన్సు కోరువారు, జేబులో నిముడు తుపాకులలో నమ్మదగిన దేదియని విచారించుట కద్దు. ఆ ప్రశ్నకు జీవితమంతయు వెచ్చించి సమాధానము వెదకినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. కావున ఆయన చరిత్రను మా పాఠకుల ముందుంచుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

ఆయన అమెరికాలోని ఉటా ప్రాంతమున ఆగ్డెను పట్టణమందు 1855 జనవరి 23వ తేదీన జన్మించెను. తండ్రి జొనాథను తుపాకులు చేయుటలో నేర్పరి, మోర్మను మతస్థుడు. ఆ మతమువారిని ఇల్లినాయి నుండి తఱిమివేయగా, పడమటి దారి పట్టి 1852లో ఉటా చేరెను. ఆయనకు ముగ్గురు భార్యలు, ఇరువది యిద్దఱు సంతానము. ఇంతటి కుటుంబమునకు ఆధారము కొలిమి, సుత్తి, ఆకురాయి. జానుకు బడిచదువు కొంచెమే. తండ్రి దుకాణమే ఆయనకు పాఠశాల. పదియేండ్ల ప్రాయముననే పాతయినుపముక్కలతో ఒక తుపాకి కూర్చెనని చెప్పుదురు. ఆ సరిహద్దుసీమలో విఱిగినవి, బిగుసుకొన్నవి, పేలనివి సమస్తమును ఆ దుకాణమునకే వచ్చుచుండెను. క్రొత్త తుపాకి అమ్మువానికి దాని సొగసు తెలియును. చెడినదానిని బాగుచేయువానికి దాని లోపము తెలియును. ఆయన విద్యయంతయు ఈ రెండవ తెగలోనిది.

1879లో తండ్రి గతించెను. ఆ యేడే జాను ఒకేగుండు రైఫిలుకు తన మొదటి పేటెంటు పొందెను. అన్నదమ్ములు కలసి ఆగ్డెనులో చిన్న కర్మాగారము పెట్టిరి. వారు చేసిన రైఫి లొకటి విన్‌చెస్టరు కంపెనీవారి కంటబడగా, 1883లో ఆ కంపెనీ పెద్ద స్వయముగా ఆగ్డెను వచ్చి దాని హక్కులను కొనెను. అది మొదలు పందొమ్మిదేండ్లు ఆయన కల్పనలు ఆ కంపెనీకి పోవుచుండెను.

1889 ప్రాంతమున ఒకనాడు తుపాకి పేల్చుచుండగా, గొట్టము మూతినుండి వెడలిన వాయువు ధాటికి ఎదుటి కలుపుమొక్కలు తలలు వంచుట ఆయన చూచెను. అంతకుముందెందఱో చూచియే యుందురు. వృథాగా పోవుచున్న ఈ బలముచేతనే తుపాకిని మరల నింపించవచ్చునను తలపు ఆయనకు తట్టెను. ఆ తలపునుండి మొదట మరతుపాకి పుట్టెను. పేలుడు బలమును వృథా పోనీయరాదను ఆ దృష్టియే పిమ్మట వేఱొక మార్గమున పిస్తోలునకు దారితీసెను. ఇందు వాయువును మళ్లించు గొట్టములు లేవు. గుండు ముందునకు పోవునపుడు ఖాళీ తూటా వెనుకకు తన్నును. ఆ తాకిడికి పైనున్న బరువైన ఉక్కుభాగము వెనుకకు జరిగి ఖాళీ తూటాను బయటికి విసరును. స్ప్రింగు దానిని మరల ముందునకు త్రోయుచు క్రొత్త తూటాను గొట్టములోనికి నెట్టును. ఇంత స్వల్పమైన అమరిక యగుటచేతనే అది చెడుట అరుదు.

అంతకుముందు జేబులో నుంచుకొనునది రివాల్వరు. దాని చక్రము ఉబ్బుగా నుండి జేబును పొంగించును. వెనుకనున్న గుఱ్ఱము తీయునపుడు గుడ్డకు తగులుకొనును. ప్రాణాపాయ సమయమున ఈ చిక్కు లెంతటివో చెప్ప నక్కఱలేదు. బెల్జియములోని లీయెజి నగరమునకు చేరువ హెర్‌స్తాలులో 1889లో స్థాపితమైన జాతీయ ఆయుధ కర్మాగారమువారు 1897లో బ్రౌనింగుతో ఒడంబడిక చేసికొనిరి. 1900లో వెలువడిన వారి పిస్తోలు పలుచనిది. దాని పిడిలోనే ఏడు తూటాలు ఇముడును. 7.65 మిల్లీమీటర్ల ఆ తూటాయు బ్రౌనింగు కల్పించినదే. అవి ఏడులక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

1903లో అమెరికాలోని కోల్టు కంపెనీవారు వేఱొక పిస్తోలును ప్రకటించిరి. దీనియందు గుఱ్ఱము లోపల దాగియుండును. జేబునుండి తీయునపుడు ఏదియు అడ్డుపడదు. పిడి వెనుక ఒక మీట కలదు. అఱచేయి దానిని గట్టిగా నొక్కినగాని తుపాకి పేలదు. పిమ్మట రెండేండ్లకు బ్రౌనింగు కల్పన ననుసరించి బెల్జియమువారు చొక్కాజేబులోనే ఇముడు చిన్నపిస్తోలును తెచ్చిరి. దాని నిడివి నాలుగున్నర అంగుళములు, బరువు ఇంచుమించు 13 ఔన్సులు. దానికై ఆయన 6.35 మిల్లీమీటర్ల తూటాను నిర్మించెను. బలమున నిది నాటి .22 తూటాను మించినది కాదు. అయినను ఆ .22 తూటా అంచున మందు సరిగా పరచుకొనక అప్పుడప్పుడు పేలకుండెడిది. ఈ క్రొత్తదానికి నిప్పురవ్వ నిచ్చు మందు నడుమనే యుండుటచే అది తప్పక పేలును. బలముకంటె నమ్మకము ముఖ్యమని ఆయన నిర్ణయము. 1910నాటి పిస్తోలులో స్ప్రింగును గొట్టము చుట్టును చుట్టి పరిమాణమును తగ్గించి, మూడు అడ్డుకీళ్ళు పెట్టెను: ఒకటి వ్రేలితో త్రిప్పునది, ఒకటి పిడి వెనుకది, మూడవది తూటాల పెట్టె తీసినంతనే పేలకుండ నాపునది. పెట్టె తీసితిమి గదా, తుపాకి ఖాళీయేయని భ్రమించి, గొట్టములో మిగిలిన ఒక్క తూటాచే ప్రమాదములు తెచ్చుకొనువారికై ఈ మూడవ కీలు.

ఏది కొనదగినదని విచారించువారు ఇందుండి గ్రహింపవలసినవి కొన్ని కలవు. భాగములు తక్కువగా నుండవలెను; జేబులో తగులుకొను కొనలు ఉండరాదు; పిడి తన చేతికి అమరవలెను; జేబులో నుంచదలచిన తూటాలతోనే పలుమారులు పేల్చి చూచినగాని దానిని నమ్మరాదు. 1911లో అమెరికా సైన్యమువారు బ్రౌనింగు పెద్దపిస్తోలును ఆఱువేల తూటాలతో పరీక్షించిరి; కాలినప్పుడు నీటముంచి మరల పేల్చిరి; ఒక్కమాఱైనను అది తడబడలేదు. మెఱుగును చూచి మురియువారికి ఇది పాఠము.

అయితే నమ్మదగిన యంత్రము ఎవరి చేతిలోనైనను నమ్మకముగనే పనిచేయును. 1904లో ఫిన్లండు గవర్నరు జనరలు బొబ్రికావును, 1909లో హార్బినులో జపాను నాయకుడు ఇటోను కూల్చినవి 1900నాటి బ్రౌనింగులే. 1914 జనవరిలో, పదిలక్షల పిస్తోళ్ళు పూర్తియైనందులకు బెల్జియమువారు ఆయనకు ఉత్సవము చేసిరి. ఆ దేశపు రాజు లియొపోల్డు బిరుద మొసంగెను. అయిదు నెలలు గడచినవి. జూను 28వ తేదీన సరయేవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను ఒక యువకుడు చంపెను. అతని చేతిలోనిది 1910నాటి బ్రౌనింగు. ఆ రెండు తూటాల వెంట ప్రపంచయుద్ధము వచ్చెను; శత్రుసైన్యము బెల్జియమును త్రొక్కి, ఉత్సవము జరిగిన ఆ కర్మాగారమునే ఆక్రమించెను. అమెరికా యుద్ధమున దిగినపుడు బ్రౌనింగు తన మరతుపాకుల హక్కులను, రావలసిన దానికంటె మిక్కిలి తక్కువగ, ఏడున్నరలక్షల డాలర్లకే ప్రభుత్వమునకు విడిచెను.

మన దేశమును ఆయన సృష్టి తాకకపోలేదు. 1878నాటి ఆయుధచట్టము భారతీయుని నిరాయుధుని చేసిన కాలమున, 1928లో లాహోరున భగత్‌సింగు చేతిలోను, 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు పార్కులో చంద్రశేఖర ఆజాదు చేతిలోను ఉన్నవి కోల్టు పిస్తోళ్ళే. ఆజాదు పిస్తోలు నేటికిని ఆ నగరపు ప్రదర్శనశాలలో నున్నది; దానిని చూచినవారు చేతులు జోడింతురు. 1948 జనవరి 30న మహాత్మునిపై పేలినది ఇటలీదేశపు పిస్తోలు. కాని దానిలోని 9 మిల్లీమీటర్ల పొట్టితూటా 1908లో బ్రౌనింగు వెలువరించినదే. ఒకే మనుష్యుని బల్లనుండి వెడలిన పనితనము ఒకచోట మనకు పూజనీయము, వేఱొకచోట తీఱని శోకము. ఇనుమునకు ఈ భేదము తెలియదు.

1926 నవంబరు 26న హెర్‌స్తాలు కర్మాగారములో, మరియొక పిస్తోలు నమూనాపై పనిచేయుచుండగా గుండెనొప్పి వచ్చి బ్రౌనింగు మరణించెను. దేహమును ఆగ్డెనుకు చేర్చిరి. ఆయన పేరిట 128 పేటెంట్లు మిగిలినవి. మధ్యలో ఆగిన ఆ పిస్తోలును బెల్జియము శిల్పి సైవు 1935 నాటికి ముగించెను.

స్వతంత్ర భారతమున 1959నాటి చట్టము ననుసరించి లైసెన్సు పొందినవారే తుపాకి నుంచుకొనవలెను. అవసరము నిజమైనదా, ఇంట పిల్లలకు అందని తాళముగల చోటున్నదా, కోపము వచ్చినపుడు చేయి జేబువైపు పోకుండునా యని లైసెన్సు అధికారికంటె ముందు తన్ను తానే ప్రశ్నించుకొనుట గృహస్థునకు ధర్మము. బ్రౌనింగు తన పిస్తోలునకు మూడు అడ్డుకీళ్ళు పెట్టగలిగెను. కోపమునకు అడ్డుకీలు పెట్టుట ఆయన చేతిలోని పని కాదు. అది పిస్తోలు పట్టినవాడే చేసికొనవలసినది.