ఒక మార్కు బిట్ వెనక దుర్గాబాయి

తార్నాక నుంచి ఓయూ క్యాంపస్ మీదుగా విద్యానగర్ వైపు వెళ్తుంటే ఆంధ్ర మహిళా సభ బోర్డు కనిపిస్తుంది. లైబ్రరీ తొందరలో మీరు ఎన్నోసార్లు దాటేసి ఉంటారు. ఆ సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు గ్రూప్స్‌కి చదివే వాళ్లందరికీ కంఠతా వచ్చు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు, 1953. బిట్ అక్కడితో అయిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్లకు ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చారు. తను బడికెళ్లాల్సిన వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. ఆ తర్వాత, రెజ్యూమెలో గ్యాప్ వచ్చిందని మనం భయపడే వయసులో, ప్రైవేటుగా మెట్రిక్ కట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్, మద్రాసులో లా పూర్తిచేశారు. 1937లో మద్రాసులో మహిళా సభ పెట్టారు. రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు.

బోర్డు చేపట్టిన పనుల్లో ఊళ్లలో బాలవాడీలు నడపడం ఒకటి. గ్రాంటు ఇవ్వడం తేలికే, పిల్లల్ని చూసుకోవడానికి చదువుకున్న ఆడవాళ్లు ఊళ్లో ఉండాలి కదా! దుర్గాబాయి ఈ చిక్కును సరైన వైపు నుంచి పట్టుకున్నారు. మధ్యలో చదువాగిన ఆడవాళ్లను తక్కువ కాలంలో మెట్రిక్‌కు తయారుచేసే కండెన్స్‌డ్ కోర్సులు 1958లో బోర్డు ద్వారా మొదలయ్యాయి. పసిపిల్లలకు మేలు జరగాలంటే ముందు వాళ్లను చూసుకునే మనిషి నిలదొక్కుకోవాలని ఆమె లెక్క.

ఇక్కడే నాకో పేచీ ఉంది. బోర్డు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల ద్వారా పనిచేసింది. చదువు, శిక్షణ దొరికాయి గానీ జీతం దగ్గరికొచ్చేసరికి సేవ అనే మాట అడ్డొచ్చిందనిపిస్తుంది. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ వచ్చింది. పద్మవిభూషణ్ కూడా ఆమెకు ఆ ఏడాదే వచ్చింది. 1981లో కన్నుమూశారు. అంగన్‌వాడీ టీచర్లకు మాత్రం ఇప్పటికీ గౌరవ వేతనమే. 2018 నుంచి కేంద్రం లెక్క నెలకు 4,500 రూపాయలు. ఆపైన రాష్ట్రం కలిపేది వేరు.

మీరే ఊహించండి. ఒక టీచరు, ఒక ఆయా. పౌష్టికాహారం, టీకాలు, ప్రీస్కూలు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు. నెట్ అందక యాప్ తిరుగుతూ ఉంటే మూడేళ్ల పిల్ల కొంగు పట్టుకుని ఏదో చెప్పబోతుంది. టీచరు కసురుకుంటుంది. తన మాట పెద్దవాళ్లు వినాలన్న ఆ పిల్ల హక్కు అక్కడ పోయింది. తప్పు టీచరు స్వభావంలో వెతికితే దొరకదు, ఆమె డ్యూటీ చార్టులో దొరుకుతుంది.

వీళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐసీడీఎస్ సూపర్‌వైజర్ పోస్టుకు ప్రిపేరయ్యే వాళ్లు దాన్ని పూర్తిగా చదవండి. పరీక్షలో అడుగుతారని కాదు, రేపు మీరు రిజిస్టర్లు తనిఖీ చేసేది వాళ్లవే.