ఓడలో ఉండిపోయిన తుపాకిమందు

అలెన్ గార్డినర్ 1794లో ఇంగ్లాండులో జన్మించారు. యువకుడిగా వల్పరైసో నౌకాయుద్ధంలో పాల్గొని, 1826లో బ్రిటిష్ నౌకాదళంలో కమాండర్ అయ్యారు. 1834లో భార్య మరణించాక శేషజీవితాన్ని సువార్తకు అర్పించుకున్నారు. దక్షిణాఫ్రికాలో జులూల మధ్యకు వెళ్లారు. అక్కడ యుద్ధం వచ్చి సేవ ఆగిపోయింది. తరువాత దక్షిణ అమెరికాకు వెళ్లారు. అక్కడా పని నిలదొక్కుకోలేదు.

1844లో పటగోనియా మిషన్ స్థాపించారు. 1850 డిసెంబరులో ఆరుగురు సహచరులతో, సుమారు ఆరు నెలల ఆహారంతో టియెర్రా డెల్ ఫ్యూగోలో దిగారు. వేటకు కావలసిన తుపాకిమందు వారిని దింపిన ఓడలోనే ఉండిపోయింది. చేపల వల మంచుగడ్డలకు చిరిగిపోయింది. సహాయం వేళకు చేరలేదు. 1851లో ఆకలితో, జబ్బుతో ఏడుగురూ ఒకరి తరువాత ఒకరు ప్రభువునందు నిద్రించారు. గార్డినర్ చివరి రోజుల వరకు డైరీ రాశారు. అందులో సణుగుడు లేదు, స్తుతి ఉంది.

సన్నాహంలో లోపం జరిగిన మాట నిజం. విశ్వాసమున్నవారు సామాను లెక్క చూసుకోనక్కర లేదనుకోరాదు. అయినా ఆ డైరీ ఇంగ్లాండులో అనేకులను కదిలించింది. 1854లో ఆయన పేరు పెట్టిన ఓడ అదే సేవకు బయలుదేరింది. తరువాత ఉషుయాలో యగాన్ ప్రజల మధ్య మిషన్ వెలసింది. విత్తినవాడు కోత చూడలేదు. కోత మాత్రం ఆగలేదు.