ఉంగరం కాదు.. గుమ్మడికాయ సృష్టించమన్నాడు!
సరిహద్దు గడ్డపై పుట్టిన ప్రశ్న.. హెచ్చెన్

పావగడ: పుట్టపర్తి మనకు పొరుగూరే. పెనుకొండ దాటితే వచ్చేస్తుంది. ఆ పుట్టపర్తి సత్యసాయిబాబా మహిమలను పరీక్షిస్తాం, మా ముందు చేసి చూపండి అని ఉత్తరాలు రాసిన మనిషి కూడా మన పొరుగువాడే. ఆయనే డాక్టర్ హెచ్. నరసింహయ్య. కన్నడనాట అందరూ హెచ్చెన్ అంటారు. మధుగిరి అవతల గౌరిబిదనూరు తాలూకా హొసూరు ఆయన సొంతూరు. 2005 జనవరి 31న కన్నుమూశారు. ఇరవై ఏళ్లు దాటినా ఆయన వేసిన ప్రశ్నకు మాత్రం వయసు మీదపడలేదు.

కాలినడకన బెంగళూరుకు..

హెచ్చెన్ 1920లో పేదింట పుట్టారు. గౌరిబిదనూరులో చదువయ్యాక బెంగళూరు నేషనల్ హైస్కూల్లో చేరాలనుకున్నారు. 1935 నాటి మాట అది. చేతిలో డబ్బుల్లేవు. దాదాపు 80 కిలోమీటర్లు రెండు రోజులు నడిచి బెంగళూరు చేరారు. మరుసటేడు గాంధీజీ ఆ బడికి వచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలో చెప్పే అవకాశం ఈ పల్లెటూరి పిల్లవాడికే దక్కింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చదువు పక్కనపెట్టి జైలుకెళ్లారు.

బయటికొచ్చాక చదువు పూర్తిచేసి, 1946లో నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ అయ్యారు. తర్వాత అమెరికా వెళ్లి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 1960లో అణుభౌతిక శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అక్కడే ఉండిపోలేదు. ఖద్దరు బట్టలు, గాంధీ టోపీ, కాలేజీ హాస్టల్లో ఒక గది.. ఇదే ఆయన బతుకు. పెళ్లి చేసుకోలేదు. మామూలు జనానికి సైన్సు అందాలని 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు.

మూడు ఉత్తరాలు.. జవాబు లేదు

బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, 1976లో మహిమలు, మూఢనమ్మకాలపై విచారణకు ఒక కమిటీ వేశారు. గాల్లోంచి విభూతి, ఉంగరాలు తీస్తారని దేశమంతా చెప్పుకుంటున్న సాయిబాబాకు మూడు ఉత్తరాలు రాశారు. తాము చూస్తుండగా, తాము పెట్టే షరతులకు లోబడి ఆ మహిమలు చేయమని కోరారు. జవాబు రాలేదు. ఆధ్యాత్మికం ఇంద్రియాలకు అందనిది, సైన్సు కొలతలకు లొంగదు అన్నది బాబా వైపు వాదన.

ఇక్కడే హెచ్చెన్ పల్లెటూరి తెలివి చూపించారు. ఉంగరమైతే గుప్పిట్లో దాగుతుంది. గుమ్మడికాయ సృష్టించి చూపమన్నారు. గుమ్మడికాయ దొంగ సామెత మనకు తెలిసిందే. అయితే హెచ్చెన్ ఎవరినీ దొంగ అనలేదు, గుమ్మడికాయ అడిగారంతే! దేవుడు, ఆత్మ ఇంద్రియాలకు అందవంటే ఒప్పుకోవచ్చు. ఉంగరం అలా కాదు కదా. కంటికి కనిపిస్తుంది, తూకానికి వస్తుంది. తూకానికి వచ్చేది పరీక్షకూ రావాలి.

అదే ఏడాది పాండవపురలో ఏడేళ్ల పిల్లవాడి చేతి నుంచి విభూతి రాలుతోందని జనం ఎగబడ్డారు. కమిటీ చెప్పాపెట్టకుండా వెళ్లింది. బట్టల్లో దాచిన విభూతి బయటపడింది. హెచ్చెన్‌కు మెప్పుతోపాటు తిట్లూ తప్పలేదు. 1977లో ఆయన పదవి ముగిసింది, కమిటీ కూడా రద్దయింది.

అమెరికాలోనూ ఇదే తంతు

మహిమల పిచ్చి మన పల్లెలకే ఉందనుకుంటే పొరపాటు. సైంటాలజీ స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ తానొక అణుభౌతిక శాస్త్రవేత్తనని చెప్పుకున్నాడు. నిజానికి కాలేజీలో ఆ సబ్జెక్టు తప్పి, డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. 1950 ఆగస్టులో లాస్ ఏంజెలస్‌లో పెద్ద సభ పెట్టి, తన పద్ధతి వల్ల ఏదీ మరిచిపోని స్థితికి చేరిందంటూ ఒక ఫిజిక్స్ విద్యార్థినిని వేదికెక్కించాడు. సభలో వాళ్లు చిన్న ఫిజిక్స్ సూత్రం అడిగితే ఆమె చెప్పలేకపోయింది. వెనక్కి తిరిగి నిల్చున్న హబ్బర్డ్ టై ఏ రంగో కూడా గుర్తురాలేదు. జనం లేచి వెళ్లిపోయారు. అయినా సైంటాలజీ ఆగలేదు. 1986లో హబ్బర్డ్ చనిపోయాక కూడా నడుస్తూనే ఉంది.

హబ్బర్డ్‌కు లేని డాక్టరేట్ హెచ్చెన్‌కు ఉంది. కానీ డాక్టరేట్ ఉంది కాబట్టి నన్ను నమ్మండి అని ఆయన అనలేదు. ఎవరు చెప్పినా, చివరికి తాను చెప్పినా, ప్రశ్నించాకే ఒప్పుకోమన్నారు.

సేవ వేరు.. మహిమ వేరు

పుట్టపర్తిలో 1991లో మొదలైన పెద్దాసుపత్రి, 1990ల్లో అనంతపురం జిల్లా పల్లెలకు ఇచ్చిన తాగునీరు.. ఇవి కళ్లముందున్న నిజాలు. ఆ మేలు పొందినవారు చేతులెత్తి మొక్కితే తప్పులేదు. కొళాయిలో నీళ్లొస్తున్నాయని రుజువు చేయడానికి మహిమ అక్కర్లేదు. నీళ్లొచ్చాయి కాబట్టి ఉంగరం కూడా గాల్లోంచే వచ్చిందనడం మాత్రం లెక్కకు కుదరదు.

ఇది పెద్ద సాముల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి, పిల్లాడికి జ్వరమొస్తే తాయెత్తుకు పరుగెత్తేవాళ్లు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నారు. ఆసుపత్రికి చేరేసరికి పొద్దు దాటిపోతుంది. పాము కరిచినవాళ్లను వైద్యానికి వెళ్లనీయకుండా మంత్రాలు వేయడం కర్ణాటకలో నేరం. 2017లో చేసిన ఆ చట్టం 2020లో అమల్లోకి వచ్చింది. చట్టం పోలీస్ స్టేషన్లో ఉంటుంది. ప్రశ్న మాత్రం మన నోట్లోనే ఉండాలి.

హెచ్చెన్‌కు 1984లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన ఆత్మకథ ‘హోరాటద హాది’, అంటే పోరాట మార్గం, కన్నడంలో ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివే మన పావగడ పిల్లలకు అది చదవడం కష్టమేమీ కాదు. చదివాక వాళ్లు ఇంట్లో పెద్దలను నాలుగు ప్రశ్నలు అడిగితే కసురుకోకండి. జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి.