సింహాద్రినాథునికి రాయలవారి ముత్యాలహారం

ఆలయానికి వెళ్ళినప్పుడు పిల్లలకు సహజంగా కలిగే సందేహం ఒకటుంది. స్వామివారి కిరీటానికి, హారానికి, హారతి పళ్ళేనికి అంతటి పవిత్రత ఎలా వచ్చింది? అవి బంగారంతో చేసినవి కనుకనా? శ్రీకృష్ణదేవరాయల జీవితంలో దీనికి చక్కని సమాధానం లభిస్తుంది.

తుళువ నరసనాయకుడు, నాగలాదేవి దంపతుల కుమారుడైన రాయలవారు 1509లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించారు. తిరుమల శ్రీనివాసుడు ఆయన ఆరాధ్యదైవం. 1513లో తొలిసారి కొండకు వచ్చి నవరత్నఖచిత కిరీటాన్ని, కర్పూర హారతులకు 25 వెండి పళ్ళేలను సమర్పించారు. దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు నివేదించడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు.

ఆ రోజులలోనే కళింగ గజపతులతో యుద్ధం మొదలైంది. సుమారు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో ఉదయగిరి దుర్గం వశమైంది. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలవారు విజయనగరానికి తరలించారు. అయితే దానిని యుద్ధంలో దొరికిన సొత్తుగా భావించలేదు. ఆలయం నిర్మించి, 1515లో ప్రతిష్ఠ జరిపించారు.

1516లో ఆయన సింహాచలం చేరారు. మన కొత్తవలసకు చేరువలోనే ఉన్న ఆ పుణ్యక్షేత్రం అప్పుడు శత్రురాజ్యంలోనిది. క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో బాబిలోను రాజు యెరూషలేములోని యూదుల ఆలయాన్ని కూల్చి, పూజాపాత్రలను కొల్లగొట్టిన చరిత్ర ఉన్నది. విజేతలు సాధారణంగా చేసే పని అదే. రాయలవారు మాత్రం తీసుకొనిపోవడానికి కాదు, ఇవ్వడానికి కొండనెక్కారు. తల్లిదండ్రుల పుణ్యార్థం 991 ముత్యాల హారం, వజ్రాలు పొదిగిన కడియాలు, శంఖచక్రాల పతకం, పసిడి పళ్ళెం వరాహ నరసింహునికి సమర్పించారు. దేవేరులు పతకాలు ఇచ్చారు. ఆలయంలోని శిలాశాసనం ఈ వివరాలను చెబుతున్నది. అనంతరం సంధి కుదిరి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమిని రాయలవారు ప్రతాపరుద్ర గజపతికే తిరిగి ఇచ్చివేశారు. రాజ్యం చేతులు మారినా స్వామి సన్నిధిలో శాసనం నిలిచింది.

1529లో రాయలవారు పరమపదించారు. 1565 యుద్ధంతో విజయనగర వైభవం అస్తమించింది. హంపిలోని శ్రీకృష్ణాలయ గర్భగుడి నేడు శూన్యం. ఆ బాలకృష్ణుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. చూచేవారున్నారు గాని నైవేద్యం పెట్టేవారు లేరు. సింహగిరిపై మాత్రం స్వామికి నిత్యారాధన సాగుతూనే ఉన్నది. శిలకైనా స్వర్ణానికైనా పవిత్రతను నిలిపేది మన చేతులు చేసే సేవ అని ఈ రెండు ఆలయాలూ తెలుపుతున్నాయి.

ఇంకొక విశేషం. కళింగ దండయాత్ర సమయంలో రాయలవారు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో (మన శ్రీకాకుళం కాదు) ఏకాదశి ఉపవాసముండగా ఆంధ్రవిష్ణువు కలలో కనిపించాడట. స్వామి మణులు కోరలేదు, మాన్యాలు కోరలేదు. గోదాదేవి కల్యాణగాథను తెలుగులో రచింపుమన్నాడు. అదే 'ఆముక్తమాల్యద'. తాను ధరించిన పూలమాలను స్వామికి సమర్పించిన కన్య అని ఆ పేరుకు అర్థం. కిరీటాలిచ్చిన చక్రవర్తి చేత భగవంతుడు వ్రాయించుకొన్నది ఒక పూలదండ కథ!

ముత్యాలహారం చేయించే శక్తి అందరికీ ఉండదు. ఇంట్లోని పసివారి చేత ప్రతిరోజూ ఒక తులసిదళాన్ని స్వామి పాదాల చెంత ఉంచేలా చేద్దాం. ఆ దళం విలువ ఏమిటో వారికే బోధపడుతుంది.