శ్రీకృష్ణదేవరాయల యశ్వశిక్ష

ప్రతివర్షమును ఈ పుటలయందు పూర్వపురుషుల చరిత్ర మొకటి ప్రకటించుట యాచారమై యున్నది. ఈ యేడు శ్రీకృష్ణదేవరాయలను గూర్చి వ్రాయ బూనితిమి. రాయలనగానే భువనవిజయమును, అష్టదిగ్గజములును చదువరుల మనస్సున మెదలుట సహజము. ఆ విషయములు బడిపిల్లలకు సైతము కంఠస్థములే గాన వానిని మరల నేకరువు పెట్టము. ఆయన యే కులమువాడను వివాదమును పెక్కు సభలయందు విన్నారము, దానిలోనికిని దిగము. శాసనములును కావ్యములును తుళువ వంశమనియు, తుర్వసుని సంతతియనియు చెప్పుచున్నవి, మాకది చాలును. పుట్టుకచేతనే గాక సాధనచేత నాతడెట్లు రాయలయ్యెనో, ముఖ్యముగా గుఱ్ఱమునెక్కు విద్యను రాజైన పిమ్మటను విడువక యెట్లభ్యసించెనో, ఆ యభ్యాసము మన కొండవీటి సీమలోను రాయచూరి యెదుటను ఎట్లక్కరకు వచ్చెనో చెప్పుటయే మా యుద్దేశము.

తుళువ నరసనాయకునకును నాగలాంబకును జన్మించిన కృష్ణరాయలు, అన్నయగు వీరనరసింహరాయల యనంతరము 1509వ సంవత్సరమున రాజ్యమునకు వచ్చెను. తమ్ముని కన్నులు పెరికింపుమని అన్న యాజ్ఞాపింపగా, మంత్రి తిమ్మరుసు మేకకన్నులు చూపి బాలుని రక్షించెనను కథ యొకటి లోకమున వ్యాపించి యున్నది. కథ రమ్యమే గాని మేము దానిని చరిత్రముగా గైకొనము. ఆతని బాల్యశిక్షను గూర్చి కథలను నమ్ముటకంటె, పెరిగిన పిమ్మట నాతడు చేసిన సాధనను కన్నులార చూచినవారి మాట మేలు. అట్టి సాక్ష్యము మనకు లభించినది.

దానికి ముందు గుఱ్ఱమునకును మన దేశమునకును గల సంబంధమును కొంత చెప్పవలెను. మన నేలయందు గోసంపదకు కొదువలేదు. ఒంగోలు గిత్త ఖండాంతరములందును పేరుగన్నది. యుద్ధమునకు దగిన యున్నతాశ్వములు మాత్రము పారసీకమునుండియు, అరబ్బు దేశమునుండియు ఓడలమీద రావలసినవే. పదమూడవ శతాబ్దాంతమున దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో, మన మోటుపల్లి రేవున నేయబడు సన్నని నూలుబట్టలను సాలెగూటితో పోల్చి మెచ్చుకొనెను. ఆతడే పాండ్యదేశపు తీరమును గూర్చి వ్రాయుచు, ఏటేట వేలకొలది గుఱ్ఱములు దిగుమతి యగుచున్నను, పెంచు విధము తెలియక యవి త్వరలోనే చచ్చుచున్నవనియు, వానికి వండిన మాంసమును అన్నమును పెట్టుచున్నారనియు తెలిపెను. ధనముండియు విద్య లేనిచో గలుగు నష్టమునకు దీనికంటె వేరు నిదర్శన మేల?

తరువాత రెండువందల యేండ్లకు విజయనగరము నేలిన సాళువ నరసింహరాయలు గుఱ్ఱములకై పడిన యారాటము వినదగినది. వేయి పర్దావులకు, అనగా మన వరహాలకు, మూడు గుఱ్ఱముల చొప్పున కొనెననియు, సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు సైతము తోకను తెచ్చి చూపినచో వెల చెల్లించెననియు పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసెను. ఓడ మునిగినను వర్తకుడు మునుగరాదని ఆ రాజు తలంపు కాబోలు. అంత వెల పెట్టి కొన్న జంతువు నెక్కుట యెట్టివాని చేతనైన పని కాదు. గుఱ్ఱమును తీర్చువానికి సాహిణి యని మన భాషలో పేరు. మనుమంచిభట్టు తెలుగున అశ్వశాస్త్రమును రచించెను. అమరకోశమున గుఱ్ఱపు నడకలు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యైదు. వీనిని పేర్లు వల్లించి నేర్చుకొన వీలులేదు. కళ్ళెము పట్టిన చేయి, జీనుపై కుదిరిన నడుము, అంకవన్నెలలోని పాదములు, మూడును ఒక్క తెలివితో పనిచేసినగాని గుఱ్ఱము నడక మార్చదు. ఆ కుదురు ఒకనాట వచ్చునది కాదు; వచ్చినదియు సాధన తప్పినచో నిలువదు.

రాయలు దీనిని బాగుగ నెరిగినవాడు. ఆతడు సింహాసనమెక్కి పదియేండ్లు గడచిన పిమ్మట, అనగా ఇంచుమించు 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చి రాజును సమీపమునుండి చూచెను. రాజు నడితరపు పొడవువాడు, చామనచాయకంటె తెలుపు, సన్నము గాక కొంచెము బొద్దు, ముఖమున మశూచికపు మచ్చలు గలవు. చిత్రకారులు వ్రాయు పటములలోని సుందరాకారము వేరు, పేస్ చూచిన మనిషి వేరు. మాకు పేస్ చూచిన మనిషియే యెక్కువ ప్రియుడు. ఈ మనిషి తెల్లవారకముందే లేచి ముప్పాతిక పింటు, అనగా అరలీటరునకు కొంచెము తక్కువగా, నువ్వులనూనె త్రాగును. అదే నూనెను ఒడలెల్ల పట్టించుకొని, నడుమునకు చిన్నగుడ్డ చుట్టుకొని, మట్టితో చేసిన పెద్దబరువులను చేతులతో నెత్తును. పిదప కత్తి పట్టి, త్రాగిన నూనెయంతయు చెమటగా వెడలువరకు సాముచేయును. అటుపై తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టును. ఇంత శ్రమయైన తరువాత గుఱ్ఱమునెక్కి, మైదానమున నిటునటు దౌడుతీయుచు తెల్లవారువరకు తిరుగును. ఆ పిమ్మటనే స్నానము, దేవపూజ, కొలువు. ఇదియంతయు ఒక పండుగనాటి వేడుక గాదు. దినదినమును జరుగు పని యని పేస్ స్పష్టముగా చెప్పెను.

చదువరులు ఇచ్చట కొంచెము నిలువవలెనని మా ప్రార్థన. ఉదయగిరిని గెలిచినవాడు, గజపతి నోడించినవాడు, ప్రభాతమున చీకటిలో పిల్లవానివలె కసరత్తు చేయుచున్నాడు! మెప్పించుటకు సభ లేదు. చూచువారు సాహిణులును మల్లులును మాత్రమే. మన సంఘముపక్షమున విద్యార్థి వసతిగృహములకు చందాలు పోగుచేయునప్పుడు గదులెన్ని, మంచములెన్ని యని యడుగుదురు గాని, పిల్లలు పరుగెత్తుటకు నేల యెంత యని యడుగువారు అరుదు. గుఱ్ఱపుస్వారి పాతకాలపు ముచ్చట యని నవ్వువారును గలరు. ఐ.పి.ఎస్. పరీక్షలో నెగ్గిన యువకులకును యువతులకును హైదరాబాదునందలి జాతీయ పోలీసు అకాడమీలో నేటికిని అశ్వారోహణము నేర్పుచున్నారను సంగతి వారెరుగరు కాబోలు.

విజయనగరమున గుఱ్ఱమునకు మరియొక గౌరవము గలదు. మహర్నవమి యుత్సవమున అలంకరించిన గుఱ్ఱములు వరుసగా నడచుచుండగా, వానిలో నొక గుఱ్ఱమునకు రాజచ్ఛత్రములు రెండు పట్టుదురట. రాజులు పట్టాభిషేకకాలమున ఆ గుఱ్ఱము మీదనే ప్రమాణము చేయవలెను. అది చచ్చినచో మరియొకటి దాని స్థానమునకు వచ్చును. గుఱ్ఱము నొల్లని రాజునకు ఏనుగు. ఇదియు పేస్ వ్రాసినదే. హంపీలోని మహర్నవమి దిబ్బ రాళ్ళమీదను, హజారరామాలయపు వెలిగోడ మీదను గుఱ్ఱముల వరుసలు నేటికిని నిలిచియున్నవి.

ఇక మన సీమకు వత్తము. ఉదయగిరి దుర్గము 1514లో పట్టుబడిన పిమ్మట రాయలసేన ఉత్తరముగా నడచి అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము మొదలగు దుర్గములను గైకొని, కొండవీటిని ముట్టడించెను. నేడు గుంటూరునుండి పడమటికి పోవువారికి ఇరుప్రక్కల ప్రత్తిచేలును మిరపతోటలును గానవచ్చును. ఆనాడు ప్రత్తి యుండెను గాని మిరప లేదు. గోవాకు గుఱ్ఱములమ్మ వచ్చిన బుడతకీచులే మిరపను గూడ మన దేశమునకు తెచ్చిరి. కావున నేడు గుంటూరి పేరు చెప్పగానే నోరూరించు కారమును రాయలు మన సీమలో రుచి చూచియుండడు. నేల మాత్రము నాటిదే. నల్లరేగడి వేసవిలో నెరియలు వారి గుఱ్ఱపు డెక్కకు గండమగును; తొలకరి పడగానే బంకయై కాలిని వదలదు. కొండవీడు పట్టుబడినది శాలివాహన శకము 1437 ఆషాఢ శుద్ధమున, అనగా 1515 జూను 23వ తేదీన. వానకు ముందు ముగించుట కాక వాన దిగుచుండగా ముగించిన ముట్టడి యది. ముట్టడికి కొంత బలమునుంచి, రాయలు మిగిలిన సేనతో నెదురేగి, ఏనుగులతోను రౌతులతోను పెద్దయేరు దాటి, సాయమునకు వచ్చిన గజపతి సైన్యమును చెదరగొట్టెనని నూనిజ్ వ్రాసెను. ఆతడిచ్చిన సేనాసంఖ్యలు అతిశయములని మా యభిప్రాయము. ఏరు దాటించిన రౌతుల నేర్పు మాత్రము అతిశయము కాదు. రేగడిలో, ఏటిలో గుఱ్ఱమును నడుపుట మైదానపు దౌడువంటిది కాదని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

కోటలో గజపతి కుమారుడగు వీరభద్రుడు బందీయయ్యెను. కోట వశమైన పిమ్మట రాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో అమరావతికి వచ్చి అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేసెను. కొండవీటి పాలనము తిమ్మరుసు బంధువులైన నాదెండ్లవారికి దక్కెను.

గెలుపు నిలుపుకొనుటకు గుఱ్ఱములు కావలెను. గుఱ్ఱములు రేవులనుండి రావలెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమైనది మొదలు, గుఱ్ఱముల బేరము వారి చేతిలో నుండెను. వారు విజయనగరమునకును బిజాపురమునకును నడుమ త్రాసు పట్టుకొని కూర్చుండిరి. రాయలు రచించిన ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు దెచ్చు వర్తకులను రప్పింపవలెననియు, వారికి ఇండ్లును, దర్శనమును, మంచి లాభమును కల్పించి ఆ సరకు శత్రువులకు చేరకుండ చూడవలెననియు బోధ గలదు. ఇది గ్రంథమున పుట్టిన నీతి కాదు; లాయమున పుట్టిన నీతి.

1520వ సంవత్సరపు రాయచూరు యుద్ధము సైతము గుఱ్ఱపు బేరమునుండియే మొదలయ్యెను. గోవాలో గుఱ్ఱములు కొనుమని రాయలు ఒక మహమ్మదీయ వర్తకునకు నలువదివేల పర్దావులిచ్చి పంపగా, వాడా సొమ్ముతో ఆదిల్‌షా రాజ్యమునకు పారిపోయెను. పంపుమనిన ఆదిల్‌షా పంపలేదు. సొమ్ము చిన్నదే, మాట పోయినచో వర్తకులెవ్వరును రాయల పేరు లక్ష్యపెట్టరు. యుద్ధమున శత్రువు ఫిరంగులు ఒక్కపెట్టున మ్రోగగా రాయల ముందుసేన విరిగి పరుగిడెను. ఓటమి యనుకొన్న యాక్షణమున రాయలు తన యుంగరమును తీసి, తాను మరణించినచో రాణులకు గుర్తుగా చేర్చుమని పరిచారకునకిచ్చి, గుఱ్ఱమునెక్కి మిగిలిన సేనతో ముందుకు దుమికెను. వెన్నిచ్చి పారువారిని తనవారైనను నరుకుడని యాజ్ఞయిచ్చెను. యుద్ధము తిరిగెను, ఆదిల్‌షా ఏనుగునెక్కి తప్పించుకొనెను. పిమ్మట రాయచూరు కోటను పట్టుటలో, గుఱ్ఱములమ్మ వచ్చిన క్రిస్టోవావో ద ఫిగరేదో తన తుపాకివారితో తోడ్పడెను. ఆ ప్రాతఃకాలపు దౌడులే లేకున్నచో, ప్రౌఢుడైన రాజు ఆ గడియయందు జీనుమీద నిలువగలిగి యుండునా? మాకు సందేహము.

రాయలను దేవునిగా చిత్రించుట మా పని గాదు. సంతోషస్వభావుడే యైనను ఆతనికి హఠాత్తుగా కోపము వచ్చునని పేస్ సైతము గమనించెను. ఆరేండ్ల కుమారుడగు తిరుమలరాయనికి పట్టము గట్టగా, ఆ బాలుడు కొలది నెలలకే మరణించెను. విషము పెట్టించినది తిమ్మరుసు కుమారుడని నమ్మి, తనకు తండ్రివంటివాడైన ఆ వృద్ధమంత్రిని కుటుంబముతో చెరబెట్టి, తుదకు కన్నులు తీయించెనని నూనిజ్ చెప్పుచున్నాడు. ఎంత మదించిన గుఱ్ఱమునైన కళ్ళెమున నిలిపిన చేయి ఆనాడు తన కోపమును నిలుపలేకపోయెను. కథలో మేకకన్నులు చూపినవాని కన్నులే చరిత్రమున పోయెను.

1529వ సంవత్సరమున రాయలు మరణింపగా తమ్ముడు అచ్యుతరాయలు రాజయ్యెను. అచ్యుతుని కాలమున నూనిజ్ చూచిన లెక్కలలో రాజనగరి గుఱ్ఱములను కాచువారు పదునాఱువందల మంది, గుఱ్ఱములను తీర్చు సాహిణులు మూడువందల మంది. నగరి రౌతులు ఆఱువేలు. వారి గుఱ్ఱములకు రాజముద్ర వేయుదురు. గుఱ్ఱము చచ్చినచో ముద్రగల తోలుముక్కను అశ్వాధ్యక్షునకు చూపి మరియొకటి పొందవలెను. ఏటేట పదుమూడువేల గుఱ్ఱములు కొని, మేలైనవానిని తన లాయమునకుంచుకొని, వేయి పర్దావులకు పండ్రెండు పదునైదు వంతున కొన్న నాటుగుఱ్ఱములను దండనాయకులకు అయిదింటిని వేయి పర్దావులకు అంటగట్టి, ఆ సొమ్ముతోనే పోర్చుగీసువారి బాకీ తీర్చుచుండిరట. బొక్కసము నుండి కాసు కదలలేదు; దండనాయకులు సెప్టెంబరు మాసములోపల చెల్లింపవలసి యుండెను.