నరసింగరావుగారి లెక్క

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లలో వైజాగ్ ఏవీఎన్ కాలేజీ పేరు విననివాళ్లు ఉండరు. మా బాబాయి డిగ్రీ అక్కడే చదివాడు. ఆ ఏవీఎన్ ఎవరని అడిగితే మాత్రం బుర్ర గోక్కున్నాడు. నాకూ మొన్నటిదాకా తెలీదు. మినీ ప్రాజెక్టుకి పాత వాన లెక్కలు వెతుకుతుంటే ఆయన దొరికారు: అంకితం వెంకట నరసింగరావుగారు.

కథ ఆయన మావగారితో మొదలవుతుంది. గోడె వెంకట జగ్గారావుగారు డబ్బున్న జమీందారు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని తన ఇంట్లోనే సొంత అబ్జర్వేటరీ కట్టించారు. ఇప్పుడక్కడ షాపులూ ట్రాఫిక్కూ తప్ప ఆకాశం కనపడదు, అది వేరే సంగతి. 1856లో నలభై ఏళ్లయినా నిండకుండానే ఆయన పోయారు.

అల్లుడు నరసింగరావుగారు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. ఆ రోజుల్లో మనవాళ్లకి అంతకన్నా పెద్ద ఉద్యోగం దొరకడం కష్టం. దాన్ని వదిలేసి ఎస్టేటూ, అబ్జర్వేటరీ చూసుకోడానికి వచ్చేశారు. ఎస్టేటు కోసం వచ్చారనుకున్నా, టెలిస్కోపుకి తాళం వేసేసి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. 1868లో సూర్యగ్రహణం చూశారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు, 6 అంగుళాల కుక్ టెలిస్కోపుతో చూసి, ఆ వివరాలు ఆ సొసైటీకి పంపారు. అంతకుముందు ఆ సంఘటన జరిగింది 1769లో. అంటే 105 ఏళ్లకి వచ్చిన ఛాన్సు.

ఇవన్నీ గొప్పవే. కానీ నన్ను పట్టేసింది ఆయన వాతావరణం లెక్కలు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. 1864 కలకత్తా తుఫాను, 1866లో వానలు లేక పడిన కరువు చూశాక గానీ సర్కారు కదల్లేదు. విశాఖ నుంచి ఆ వివరాలు అందించినవాళ్లలో నరసింగరావుగారు ఒకరు.

ఇందులో ఏం గొప్ప అంటారా? మన తీరంలో గాలి పీడనం రోజుకి రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం 10, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువ. తేడా ఓ 3 మిల్లీబార్లు. అందుకని సాయంత్రం పాదరసం దిగిందని కంగారు పడక్కర్లేదు. అది రోజూ దిగేంతే దిగిందా, సముద్రంలో ఏదైనా లాగేస్తోందా అన్నది తెలియాలంటే ఏళ్ల తరబడి రాసిన నెలవారీ సగటు చేతిలో ఉండాలి. శాటిలైటు లేని కాలంలో ఒడ్డు మీదున్నవాడికి ఉన్న ఆధారం అదే. ఏమీ జరగని రోజుల రీడింగులే తుఫాను రోజున పనికొస్తాయి.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. మా నాన్న పెంచిన కొబ్బరిచెట్లు ఒక్క పూటలో పడిపోయాయి. ముందుగా చెప్పబట్టి మనుషులం మాత్రం మిగిలాం.

అలాంటి ఇంటినుంచి వచ్చినవాణ్ణి నేనేం చేశానో చెప్పాలి. మా ప్రాజెక్టు, క్యాంపస్‌లో రెయిన్‌గేజ్ పెట్టి రోజూ ఉదయం 8:30కి రీడింగు తీయడం. దసరా సెలవులకి ముగ్గురం ఊళ్లకి పోయాం. తిరిగొచ్చి గేజ్‌లో నిలిచిన నీళ్లు పారబోసి, 8 రోజులకి అంకెలు అల్లేశాం. అల్లింది నేనే. నెల మొత్తం ముచ్చటగా వచ్చింది, గ్రాఫ్ ఇంకా ముచ్చటగా.

నరసింగరావుగారు 1892లో పోయారు. భార్య అచ్చయ్యమ్మగారు 1894లో అబ్జర్వేటరీని ప్రభుత్వానికి అప్పగించారు. ముప్ఫై ఆరేళ్లు నడిపిన పనిని ఆవిడ ఇంట్లో సామానులా మూలన పడేయలేదు. ఆ తర్వాత కూడా అక్కడి వాతావరణ లెక్కలు అచ్చయ్యాయి.

నిన్న రాత్రి మా షీటు తెరిచి ఆ 8 గడులూ ఖాళీ చేశాను. నెల మొత్తం దగ్గర అసంపూర్ణం అని రాశాను. మిగతా ఇద్దరికీ ఇంకా చెప్పలేదు. సోమవారం రివ్యూ.